తువ్వాలు కింద నాడి

మా ఇంట్లో పిల్లలు ఈ కథ సగమే చెప్పుకుని నవ్వుకుంటారు. ఈమధ్య మా తమ్ముడి మనవడు డాక్టరు పరీక్ష పాసై, వ్యాపారంలోకి దిగితే ఆ చదువు పనికొస్తుందా అని నన్నడిగాడు. లైబ్రరీ బీరువాలన్నీ చదివేశానని ఇంట్లో నాకు పేరు. వాడికి జవాబుగా మిగతా సగం కాగితం మీద పెడుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. అన్నయ్య విశాఖపట్నంలో డాక్టరు చదువు ముగించి నూజివీడు వచ్చాడు. రోగుల పక్కన కూర్చోవడం తన వల్ల కాదనీ, మన మామిడి కొట్లోనే ఉంటాననీ అన్నాడు.

"కత్తి పట్టడం నేర్చుకొచ్చి కాయలు కోస్తావా?" అన్నారు నాన్నగారు.

నేను అన్నయ్య తరఫున వాదించాను. బడి మానేసినా పుస్తకాలు మానలేదన్న గర్వం నాది. ఏ చదువైనా వ్యాపారానికి పనికొస్తుందన్నాను. చివరికి ఆయన ఈ ఒక్క కాపు చూస్తానన్నారు. లాభం లేకపోతే అన్నయ్య డాక్టరు బోర్డు కట్టాల్సిందే.

అప్పట్లో తోట కాపు ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి బేరమాడేవాళ్ళు. అన్నయ్యకి అది పట్టుబడలేదు. వరసగా బేరాలు పోయాయి. అప్పుడు నేనే ఉపాయం చెప్పాను. భయం పుడితే గుండె వేగం మారుతుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను.

"వేలు మణికట్టు దాకా పోనియ్యి. రైతు ఎక్కడ లొంగుతాడో నాడే చెబుతుంది."

"నేను నాడి చూడ్డం నేర్చుకుంది ఇందుకట్రా?" అన్నాడు. అయినా చేశాడు. తోటలు చవగ్గా వచ్చాయి. సంగతి తెలియని నాన్నగారు భోజనాల దగ్గర వాడి చదువు వృథా పోలేదన్నారు. ఆ మెప్పు నాదే అనుకున్నాను.

ఒకరోజు బాపులపాడు వైపు నుంచి ఒక పెద్దాయన రసాల తోట బేరానికి వచ్చాడు. తువ్వాలు కింద అన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"ఏంటండీ డాక్టరుగారూ, తోట బేరమా, పెళ్ళి పీటలా?" అన్నాడు పక్క కొట్టాయన. అందరూ నవ్వారు.

అన్నయ్య తువ్వాలు తీసేశాడు. వేళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి.

"నడిస్తే ఆయాసం వస్తుందాండీ? నాడి తప్పి తప్పి కొట్టుకుంటోంది."

పెద్దాయన చెయ్యి లాక్కున్నాడు. "నేను చెయ్యిచ్చింది బేరానికండీ." తన మణికట్టు చూసుకుని, "అందరివీ ఇలాగే చూస్తున్నారా బాబూ?" అన్నాడు.

నేను కాయల గంప సర్దుతున్నట్టు వంగిపోయాను.

"ఎవరు నేర్పార్రా నీకు?" అన్నారు నాన్నగారు.

"నాకే తోచింది," అన్నాడు అన్నయ్య.

ఆగమని వెంటపడినా వినకుండా పెద్దాయన బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ తరవాత మా తువ్వాలు కింద ఎవరూ చెయ్యి పెట్టలేదు. రైతులు మైలవరం వ్యాపారుల దగ్గరికి పోయారు. కాపు ముగియకముందే అన్నయ్య బోర్డు కట్టాడు. ఆ పెద్దాయన కోసం మందు కట్టి ఉంచి, బాపులపాడు వెళ్ళి వెతుకుదాం, పేరేంటని నన్నడిగాడు.

కాబట్టి, బాబూ, ఆ చదువు వ్యాపారానికి పనికొస్తుంది. నేను చూశాను.

ఇలాంటివి రాశాక సాయపడినవాళ్ళని పేరుపేరునా తలుచుకోవాలి. అడిగిన పుస్తకమల్లా ఇచ్చిన లైబ్రరీ పంతులుగారికి, ఒక కాపు గడువిచ్చిన నాన్నగారికి, నన్ను బయటపెట్టని అన్నయ్యకి దణ్ణాలు. వాళ్ళ పేర్లు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పెద్దాయన పేరు మాత్రం, చెయ్యి పట్టుకున్న వాళ్ళమే గానీ, మేమెవరమూ అడగలేదు.