మెడలో తాళంచెవి

మా చెల్లి చేప కోస్తుంటే చూడాలి. పొలుసు తీయాలన్నా, ముళ్లు ఏరాలన్నా దాని తర్వాతే ఎవరైనా. నేను త్రాసు దగ్గర కూర్చుని బేరాలాడేవాళ్లతో నోరు పారేసుకుంటుంటాను. దాన్ని దుకాణంలో ఒంటరిగా వదలాల్సివస్తే మాత్రం కత్తులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి, చెవి నా మెడలో వేసుకుని వెళ్లేదాన్ని. నేను ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే చాలు, "నువ్వూ నన్ను వదిలేశావ్" అని ఏడ్చి, తన చెయ్యి తనే గాయపరచుకునేది. పొద్దున నన్ను నెత్తిన పెట్టుకునేది, మధ్యాహ్నానికి రాక్షసి అనేది. నేనేం తక్కువ తిన్నానా? "నాటకాలు ఆపవే!" అని వీధంతా వినబడేలా అరిచేదాన్ని.

నాటకం కాదని ఆస్పత్రిలో కౌన్సిలరమ్మ చెప్పింది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డరట. మనకు చురుక్కుమనే మాట దానికి ఒళ్లు కాలినంత బాధట. మాత్ర వేస్తే పోయేది కాదు, వారం వారం వచ్చి, ఆ బాధను దాటే పద్ధతులు నేర్చుకోవాలంది.

"బాధ ముంచుకొచ్చినప్పుడు చేతిలో ఐసు ముక్క పట్టుకోమ్మా."

"పొద్దుట్నుంచీ ఐసులోనే కదా మేడమ్ నా చేతులు!" అంది చెల్లి.

ఆవిడ పగలబడి నవ్వింది. "అయితే చల్లటి నీళ్లలో ముఖం ముంచు." నాకూ ఒకటి నేర్పింది. అరిచే ముందు "భయమేసిందా?" అని అడగాలట. దేవుడా, నాకది ఐసు కంటే కష్టం!

ఏడాదిన్నర తిరిగాం. మొన్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్తే అక్కడ కరెంటు లేదు, రెండు గంటలు ఆగాను. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, హడావుడిలో చెవి మెడలో వేసుకున్నాను గానీ కత్తుల పెట్టెకు తాళం వేయలేదని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఐసు సంగతి వదిలేసి దుకాణానికి పరిగెత్తాను.

చెల్లి జుట్టంతా తడిసి, గడ్డం మీంచి నీళ్లు కారుతూ, ఒకావిడకు చేప కోస్తోంది.

"ఎక్కడికి పోయావక్కా? ఎన్నిసార్లు ఫోన్ చేశానో! వదిలేశావనుకున్నా. పెట్టె తెరిచే ఉంది, చూశా. బేసిన్ దగ్గరికి పోయి ముఖం ముంచా. మళ్లీ మళ్లీ ముంచా."

తిట్లు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. "భయమేసిందా?"

"వేసింది. నీకో?"

"చచ్చేంత వేసిందే!" భోరుమన్నాను.

"ఏడుపు తర్వాతమ్మా, ముందు తూకం వెయ్యి," అంది చేప కొనడానికొచ్చినావిడ.

నవ్వుతూ, ఏడుస్తూ తూచాను. కౌన్సిలరమ్మకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు. నా చెల్లిని నాకు మిగిల్చింది.

చేప కొన్నావిడ వెళ్లాక నా మెడలోని తాళంచెవి తీసి చెల్లి చేతిలో పెట్టాను. ఇప్పుడది దాని దగ్గరే ఉంది.