నలుపు నిప్పుకి, తెలుపు రవ్వకి

మా మేస్త్రి పోయారన్న కబురు ఉదయగిరి బస్సు కండక్టరు తెచ్చాడు. మా వెల్డింగ్ షెడ్డు ముందు బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి నాయనతో అరిచి చెప్పి వెళ్ళిపోయాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న నాకు ఆ మాట వినబడింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపును కూడా మా ఇంట్లోవాళ్ళు వాళ్ళ కథలోనే ఇరికించుకున్నారు.

కథ ఏమిటంటే, నా మెడ కింద ఒక మచ్చ ఉంది. దాని చుట్టూ వాళ్ళు ఒక మగవాణ్ణి అల్లుకున్నారు. వాడికి పేరు లేదు, ఊరు లేదు, అయినా మా ఇంట్లో రోజూ వాడి మాటే. ఆ రోజు అమ్మ వదినతో గొంతు తగ్గించి, "వాడు ఏదో కబురు పంపించినట్టుండాడు. లేకుంటే ఈ ఏడుపేంది?" అంది. అరవై దాటిన ఒక వెల్డింగ్ మేస్త్రి కోసం డిగ్రీ చదివిన పిల్ల ఏడుస్తుందని వాళ్ళకు తట్టనే లేదు. అందుకని ఆయన గురించి మీకు చెబుతున్నాను.

ఆత్మకూరులో బస్టాండు దాటి నెల్లూరు రోడ్డు పట్టుకుంటే, లారీలు బారుగా ఆగి ఉండే రేకుల షెడ్డు మాది. వెనకాలే మా ఇల్లు. షెడ్డుకూ వంటింటికీ మధ్య ఒక తలుపు. నాయన సగం రోజులు చేజర్లలో పొలం మీద ఉండేవాడు కాబట్టి షెడ్డు నడిపింది మేస్త్రే. సోమవారం ఉదయగిరి నుంచి వచ్చి, శనివారం సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారు. పొట్టి మనిషి. ఎడమ కంట్లో అన్నం మెతుకంత తెల్లటి పువ్వు. కుర్రతనంలో అతుకు మీద పెళుసు పొరను సుత్తితో రాలగొడుతుంటే ఒక రవ్వ ఎగిరి పడిందట.

పొద్దున్నే వచ్చి ఆయన చేసే మొదటి పని అద్దాలు తుడవడం. రెండు రకాలు ఉండేవి. నల్ల అద్దం వెల్డింగ్ మంట చూడటానికి. తెల్ల అద్దాలు ఆ తర్వాత పొర రాలగొట్టడానికి. మనవాళ్ళు మంట ఆరగానే ముసుగు ఎత్తేసి, ఇక భయం లేదనుకుని, ఉత్త కళ్ళతో సుత్తి పట్టుకుంటారు. "నలుపు నిప్పుకి, తెలుపు రవ్వకి" అనేవారు మేస్త్రి. కొత్తగా చేరిన వాళ్ళ చేత ఆ మాట పైకి అనిపించి గానీ రాడ్డు ముట్టుకోనిచ్చేవారు కాదు.

వెల్డింగ్ పని దగ్గర బతికినవాళ్ళకు తెలిసిన సంగతి ఒకటుంది. అద్దం లేకుండా మంట చూసినవాడికి కొన్ని గంటలు పోయాక కంట్లో ఇసుక పోసినట్టు మంట లేస్తుంది. మా వైపు దానికి మందు చనుబాలు. పాలిచ్చే తల్లి ఉన్న ఇంటికి గిన్నె పట్టుకుని వెళ్ళి రెండు చుక్కలు అడుగుతారు. ఎవరూ కాదనరు. మా వదినకు బిడ్డ పుట్టాక ఆ గిన్నె మా వంటింటి తలుపు దగ్గరికి రావడం మొదలైంది.

ఒక పొద్దున మర్రిపాడు నుంచి వచ్చి పనిచేసే వెల్డరు, ఎర్రటి కళ్ళతో గిన్నె పట్టుకుని వస్తూ మేస్త్రికి దొరికిపోయాడు.

"ఏందిరా ఆ గిన్నె?"

"కళ్ళు మండతా ఉండాయి మేస్త్రీ. అక్కని రెండు చుక్కలు అడుగుదామని."

"అద్దం యాడ పెట్టినావు?"

"చిన్న టాకే గదా, చుక్కంత అతుకే అని, కళ్ళు మూసుకుని కొట్టినా."

"కళ్ళు మూసుకుని కొట్టినోడివి, అది యాడ పడిందో చూడను తెరవలేదంట్రా? బిడ్డ నోటికాడి పాలు నీ కంటికెందుకు?"

పక్కనున్న రెండో వెల్డరు, "బిడ్డకు మేనమామ వరసే గదా మేస్త్రీ, రెండు చుక్కలు వాటా ఉంటాదిలే" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వారు. నవ్వుతూనే వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశారు. బద్వేలు పోవలసిన లారీ డ్రైవరు టైమైపోతోందని మొత్తుకున్నాడు. "నీ లారీకి లైటు పగిలితే నెల్లూరులో దొరకతాది. వీడికి యాడ కొంటావు?" అని ఆయన బీడీ ముట్టించుకుని కూర్చున్నారు. అద్దం చేతికి వచ్చాకే కరెంటు. నాయన దీన్ని చాదస్తం అనేవాడు గానీ, ఆయన అతికిన అతుకు మళ్ళీ ఊడి రాదు కాబట్టి ఏమీ చేయలేకపోయేవాడు.

నెల్లూరులో బీఎస్సీ ముగించి ఇంటికి వచ్చాక నాకు పని లేకుండా పోయింది. ఉద్యోగం మాట ఎత్తితే "చూద్దాంలే" అనేవాళ్ళు. బయటికి వెళ్తే బస్టాండు నుంచి ఇంటిదాకా ఒక్కో అంగడి ఒక్కోసారి నన్ను కొలిచేది. ఇంట్లో కూర్చుంటే గోడలు కొలిచేవి. చివరికి నాయనే, బిల్లులు రాయి అని షెడ్డులో ఒక స్టూలు వేయించాడు.

ఒక మధ్యాహ్నం వేళ్ళ సందుల్లోంచి మంట వైపు చూస్తుంటే మేస్త్రి పట్టుకున్నారు. "అట్టా చూడబాక పాపా. అది కనపడని ఎండ. కంటికి తెలీకుండా కాలుస్తాది." ఆ కనపడని ఎండకు నేను చదివిన ఫిజిక్సులో వేరే పేరుంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆయన మద్రాసు నుంచి తెప్పించుకున్న తలముసుగు నాకు తొడిగారు. "ఇప్పుడు చూడు."

షెడ్డు మాయమైంది. రోడ్డు మాయమైంది. ఆకుపచ్చని చుక్క ఒకటి ఇనుము మీద నింపాదిగా నడిచిపోతోంది. ఇంకేమీ లేదు. ఆ చీకట్లో నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఇంటికి తిరిగి వచ్చాక మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకున్నాను. ముసుగు తీయకుండానే, "నేనూ చేయచ్చా మేస్త్రీ?" అని అడిగాను.

"రాడ్డుకు నువ్వెవరో తెలీదు పాపా. చెయ్యి వణికితే మాత్రం తెలిసిపోతాది" అన్నారాయన.

అలా మొదలైంది. నాయన చేజర్లకు వెళ్ళిన రోజుల్లో, షెడ్డులో ఒక మూల టార్పాలిన్ కట్టి, తుక్కు ముక్కల మీద నేర్పారు. కొన్నాళ్ళకు ట్రాక్టరు ట్రాలీ కొక్కెం ఒకటి నాకిచ్చారు. ట్రాలీ రైతు వచ్చి దాన్ని వేలితో తడిమి, "చీమల బారు మాదిరి ఉండాదే. ఎవురు మేస్త్రీ అతికింది?" అన్నాడు. "మనోళ్ళే" అన్నారు మేస్త్రి. ఆ పక్కనే స్టూలు మీద తలవంచుకుని నేను ఆ రైతుకే బిల్లు రాస్తున్నాను.

పొరపాటు జరిగింది అక్కడే. ముసుగు నా కళ్ళను కాపాడింది, ముఖాన్ని కాపాడింది. గడ్డం కింద జాకెట్టు మెడ ఖాళీగా ఉన్నంత మేర చర్మం కమిలి, ఎర్రబడి, పొట్టు లేచింది. చూపిస్తే మేస్త్రి ముఖం వాడిపోయింది. "తప్పు నాది పాపా. మగోళ్ళ చొక్కాకు కాలరుంటాది, పై గుండీ పెట్టమంటే సరిపోతాది. నీ జాకెట్టుకు లేదని నేను ఆలోచించలా." ఎందరికో పని నేర్పిన మనిషి, ఆడపిల్లకు నేర్పడం అదే మొదలు. ఆ సోమవారం ఉదయగిరి నుంచి వస్తూ, మెడకు కట్టుకోవడానికి మందపాటి కాన్వాసు గుడ్డ తెచ్చారు. భార్య చేత కుట్టించినది. అదే వారం ఆయనకు ఆయాసం ఎక్కువై ఊరికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాతే అమ్మ నా మెడ చూసింది.

"ఏందిది? ఎవురు వాడు?"

"ఎవరూ లేరమ్మా. వెల్డింగ్ చేస్తే కమిలింది."

"అబద్ధమైనా అతికినట్టుండాల. ఆడపిల్ల వెల్డింగ్ చేసిందంట, విన్నావా కోడలా?"

"మేస్త్రిని అడగండి" అన్నాను. అడిగితే పరువు పోతుందని నాయన అడగలేదు. వెల్డర్లను మాత్రం చాటుగా అడిగాడు. పని పోతుందన్న భయంతో వాళ్ళు మాకేమీ తెలీదన్నారు. ఆ సాయంత్రం వంటింటి తలుపుకు అవతలి వైపు నుంచి గడియ పడింది.

అప్పటి నుంచి నాకు షెడ్డంటే శబ్దమే. చెక్కల సందులోంచి నీలం వెలుతురు పడి వంటింటి గోడ మీద ఎగిరేది. రాడ్డు ఆగీ ఆగకుండా చిటపటలాడితే కళ్ళు మూసుకుని కొడుతున్నారని తెలిసేది. మేస్త్రి లేరు, స్విచ్ దించేవాళ్ళు లేరు. గిన్నె ఈసారి పెరటి గుమ్మానికి రావడం మొదలుపెట్టింది. వదిన పోస్తూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. అతకడం వచ్చిన చేతులతో చింతపండు పిసుకుతూ.

ఆయన జనాజాకు నాయన, వెల్డర్లు వెళ్ళారు. నన్ను రానివ్వలేదు. ఆ వారంలోనే ఎవరికీ చెప్పకుండా ఉదయగిరి బస్సెక్కాను. కొండ కింద సందులో చిన్న ఇల్లు. ఆయన భార్య నన్ను మునుపెన్నడూ చూడలేదు. నేనెవరో చెప్పగానే దగ్గరికి పిలిచి, నా పైట కొంచెం పక్కకు జరిపి, మెడ మీద బొటనవేలితో రాసి చూసింది.

"మానిపోతా ఉండాదిలే. గుడ్డ కొలత సరిపోయిందా?"

తల ఊపాను.

"ఆయనకు ఎన్నుండేవో ఇట్టాంటివి. పెళ్ళైన కొత్తల్లో గుండీ పెట్టుకునేవాడు గాదు. నేనే పెట్టి పంపించేదాన్ని" అంది. తర్వాత టీ పెట్టడానికి లేచింది. ఆ మచ్చను చూసి అది ఏమిటో తెలిసినవాళ్ళు, మేస్త్రి తర్వాత ఆమె ఒక్కతే. కథ అడగలేదు. కొలత అడిగింది.

ఇంటికి వచ్చేసరికి పెరటి గుమ్మంలో మర్రిపాడు వెల్డరు గిన్నెతో నిలబడి ఉన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. లోపల బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. గిన్నె అందుకోబోయిన వదినను ఆపాను.

"పాలు లేవన్నా. పోయి ఆస్పత్రిలో మందేయించుకో. రేపటి నుంచి అద్దం పట్టుకుంటేనే కరెంటు."

"ఎవురేస్తారు పాపా కరెంటు? మేస్త్రి పోయినాడు గదా."

"నేనేస్తా."

వదిన నవ్వింది. అమ్మ లోపలి నుంచి, "యాడికి పోయొచ్చినావు? ఎవుర్ని చూసొచ్చినావు?" అంది. నాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. మేస్త్రి ఇంటికి వెళ్ళొచ్చానని, రేపటి నుంచి మేస్త్రి పని నేను చేస్తానని ఆయనకు చెప్పాను. నాయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. ఊళ్ళో ఏమనుకుంటారని అమ్మ అడిగింది.

షెడ్డు ముందు మర్రిపాడు లారీ ఒకటి, ఊడిన వెనక తలుపును తాళ్ళతో కట్టుకుని నిలబడి ఉంది. రేపు పొద్దున దాన్ని నేను అతుకుతాను. వంటింటి తలుపు గడియ తీయకపోతే, వీధిలోంచే వెళ్తాను.