కుదురు విప్పిన చీర

"ఆ కుదురు తీసెయ్యండి, మామ్మగారూ."

"ఎందుకు తియ్యాలి? బిందెను కదలకుండా కాసే కుదురు మనిషిని కాయదా?"

"బిందెలో నెత్తురు పారుతుందా?"

ఇవాళ పెరట్లో పాత నేతచీర పిండుతుంటే, ఆ తడిబట్ట వాసనకి ఈ మాటలు మళ్ళీ చెవిలో పడ్డాయి. కుదురు తీసెయ్యమంది రత్నం సిస్టరు. రాజమండ్రిలో మా ఆయన్ని చేర్పించిన ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు ఆవిడదే. పక్షవాతం వచ్చి ఆయనకి ఎడమ పక్క పడిపోయింది. కదలకుండా వెల్లకిలా పడుకుని పడుకుని, ముడ్డిపూస మీద చర్మం కందింది. ఆ చోటు మంచానికి తగలకూడదని ఈ చీరనే కుదురులా చుట్టి కింద పెట్టాను. మా వైపు అందరూ చేసేదే. నూనె పెట్టి రుద్దుతారు కూడా. సీసా తెచ్చుకున్నాను.

సిస్టరు సీసా తీసి కిటికీలో పెట్టేసింది. "పొలం చుట్టూ గట్టేసి కాలవ కట్టేస్తే మధ్యలో చేను తడుస్తుందా అండీ? ఈ కుదురూ అంతే. చుట్టూ నొక్కేస్తే మధ్యకి నెత్తురు రాదు. రుద్దారంటే లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది."

వ్యవసాయం చేసినదాన్ని, గట్టు సంగతి నాకు ఒకరు చెప్పాలా అని మూతి ముడుచుకున్నాను. కానీ పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ పెద్దాయన ఇంటి దగ్గర్నుంచే పుండుతో వచ్చాడు. కట్టు విప్పినప్పుడు ఒక్కసారి చూశాను, మళ్ళీ అటు తిరగలేదు. వాసన మాత్రం ఎటు తిరిగినా వదల్లేదు. మొదట్లో ఇలాగే, రూపాయి బిళ్ళంత కందిందని ఆయన కూతురు నాతో చెప్పింది.

నొప్పి పుడితే మనిషి తనే పక్కకి జరుగుతాడు. మా ఆయనకి ఆ పక్క స్పర్శే లేదు. బాధ పడటం లేదు కదా అని మొదట సంతోషించాను. నొప్పి తెలియకపోతే ఆయన పక్కకి జరిగేదెలా?

సిస్టరు నా చెయ్యి పట్టుకుని, చేతి వెనక భాగం ఆ చోట ఆనించింది. మనవి నల్లటి ఒళ్ళు, ఎరుపు తొందరగా కనపడదు, అందుకని తాకి చూడాలంది. వేడిగా ఉంది. చుట్టూ ఉన్న ఒంటికన్నా గట్టిగా ఉంది. వేలితో నొక్కితే రంగు మారలేదు. నొక్కి వదిలితే పాలిపోయి మళ్ళీ రంగు రావాలట, అదే నెత్తురు ఆడుతున్న గుర్తు.

"పుండు పడిందా సిస్టరమ్మా?"

"పైన ఇంకా తెగలేదు. లోపల ఏమైందో పొద్దున్నకి కొంత తెలుస్తుంది."

అప్పుడు కుదురు నేనే విప్పాను. ఆ చీరనే మడతలు లేకుండా ఆయన నడుం కింద పరిపించింది. ఒక కొస తను, ఒక కొస నేను పట్టుకున్నాం. మంచం మీద ఈడవకూడదు, ఎత్తి జరపాలి. ఈడిస్తే చర్మం ఒక పక్కకి, ఎముక ఒక పక్కకి పోతాయంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉంచింది. రెండు గంటలకోసారి పక్క మార్చమంది. తిండి తగ్గితే ఒళ్ళు తొందరగా తెగుతుందని గుడ్డు, పాలు పట్టమంది. ఆయన కింద ఒంటేలుకి తడిసిన గుడ్డ ఇంకాసేపు ఉండనిద్దామని నేను దుప్పటి కప్పబోతే చూసేసింది.

"గుడ్డ దగ్గర పొదుపు చేస్తే ఒంట్లో ఖర్చవుతుంది, మామ్మగారూ."

నన్ను అంత మాట మా అత్తగారు కూడా అనలేదు. ఆ మాట నాతోనే ఉండిపోయింది. ఇప్పటికీ మంచాన పడ్డవాళ్ళని చూడ్డానికి వెళ్తే, ఎలా ఉన్నారని అడగకముందే దుప్పటి కింద చెయ్యి పెడతాను. ఆ ఇళ్ళ కోడళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

ఆ సాయంత్రం మాత్రం పెద్దాపురం మరిడమ్మకి మొక్కుకుని, చీర కొస పట్టుకుని కూర్చుని, రాత్రంతా రెండు గంటలకోసారి పక్క మార్పించాను.

మర్నాడు పొద్దున సిస్టరు డ్యూటీకి వస్తూనే ఆయన్ని పక్కకి తిప్పి, నన్నే చూడమంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆనించాను. వేడి తగ్గింది. వేలితో నొక్కి వదిలితే అక్కడ కాస్త పాలిపోయి, మెల్లగా మళ్ళీ రంగు వచ్చింది.

"ఆ కొస పట్టుకోండి," అంది.

పట్టుకున్నాను.