అలకలు అడిగే మాస్టారు

మా తెలుగు మాస్టారు పోయారు. పేటలో పత్తి జిన్నింగు మిల్లు నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, మాస్టారు పోయారంట. నిద్రలోనే." వెనక మిషన్ల మోత. అప్పుడే దేవుడికి దీపం పెట్టి లేచినదాన్ని, మళ్లీ అక్కడే కూర్చున్నాను.

మీకు ఆయన తెలియకపోవచ్చు. మా చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే ఆయన పద్యాలు ఉండాల్సిందే. తలంబ్రాలయ్యాక మైకు పట్టుకుని, వధూవరుల మీద తాను కట్టిన అయిదు పద్యాలు చదివేవారు. పంచరత్నాలనేవాళ్లం. అందుకోసం ముందే ఒకపూట పెళ్లివారింటికి వచ్చి, ఎండుమిరపలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య కుర్చీ వేయించుకునేవారు. మిరప ఘాటుకు తుమ్ముతూ, కండువాతో ముక్కు తుడుచుకుంటూ అందరినీ ఒకటే అడిగేవారు. "అమ్మాయి దేనికి అలుగుతుంది?"

చెల్లెలి పెళ్లప్పుడు మా అమ్మ ఊరుకోలేదు. "ఇదేం విడ్డూరం మాస్టారూ! మంచి గుణాలు అడగండి, చెబుతాం."

"అవి పెళ్లికూతుళ్లందరికీ ఉండేవేనమ్మా. అలక ఎవరిది వాళ్లదే."

పప్పులో ఎండుమిరపకాయ నోటికి తగిలితే చాలు, చెల్లెలు కంచం ముందు నుంచి లేచిపోయేది. మిరప పండించే ఇంట్లో పుట్టి మిరపకాయ మీద అలిగే పిల్ల అని ఆయన పద్యంలో పెట్టారు. పందిరంతా నవ్వు. "అట్టయితే దానికి తాలింపు వెయ్యకముందే తీసిపెడతాలే!" అని వాళ్ల అత్తగారు అక్కణ్నుంచే కేకేసింది. ఇప్పటికీ ఆ ఇంట్లో చెల్లెలికి పప్పు విడిగానే తీస్తారు.

తమ్ముడు తన కూతురి పెళ్లికి పద్యాలు ఏఐతో రాయించాడు. మాస్టారంటే గౌరవం లేక కాదు. "పెద్దాయన్ని ఎండలో తిప్పడం దేనికక్కా? ఫోన్లో పేర్లు కొడితే అదే రాసిచ్చేస్తోంది," అన్నాడు. ఇడ్లీలు చల్లారేలోపు పద్యాలు వచ్చేశాయి. మాస్టారు ఆ పెళ్లికి అందరిలాగే వచ్చి నా పక్కన కూర్చున్నారు. నిజం చెప్పాలంటే పద్యాలు వినసొంపుగా ఉన్నాయి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత తమ్ముణ్ని పిలిచి మళ్లీ చదివించుకున్నారు.

"నా పద్యాలకంటే నడక బాగుందిరా. పిల్ల అలక దానికి చెప్పావా?"

"లేదు మాస్టారూ. అది అడగలేదుగా."

"చెబితే అదీ రాసుండేది," అన్నారు, తప్పుపట్టినట్టు కాకుండా.

తర్వాత ఆయన్ని పద్యాలకు ఎవరూ పిలవలేదు. పిలవకూడదని ఎవరూ అనుకోలేదు, అవసరం రాలేదంతే. సాయంత్రాలు మా వరండాలోకి వచ్చి కూర్చునేవారు. "ఊళ్లో పెళ్లిళ్లేమన్నా ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి మాస్టారూ."

"మంచిది." మజ్జిగ తాగి, "రేపు కనపడతా," అని లేచేవారు.

ఒకరోజు లేవలేదు. "మీ ముగ్గురిలో నీకొక్కదానికే నేను పద్యాలు రాయలేదమ్మా," అన్నారు.

నాన్న పోయాక తమ్ముణ్నీ చెల్లెల్నీ చూసుకోవడంలో నా పెళ్లి మాట వెనకబడిపోయింది. "నాకు పెళ్లెక్కడిది మాస్టారూ?" అన్నాను.

"పెళ్లికే రాయాలనేముంది? నువ్వు దేనికి అలుగుతావో చెప్పు."

నవ్వొచ్చింది. ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఎంత వెతుక్కున్నా జవాబు దొరకలేదు. "గుర్తొస్తే చెబుతాను," అన్నాను.

"తొందరేం లేదమ్మా. నాకు మాత్రం పనేముంది?"

తర్వాత కాయ కోతలు మొదలయ్యాయి. ఆయన వచ్చినప్పుడల్లా నా వంక చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

పెద్దకర్మ నాడు చదవడానికి తమ్ముడు మళ్లీ ఫోన్లోనే పద్యాలు రాయించుకొచ్చాడు. అక్షర సూర్యుడు, జ్ఞానజ్యోతి అని ఉంది. నాకు వినిపించి ఆగిపోయాడు.

"అక్కా, మాస్టారు దేనికి అలిగేవారు? చెబితే అదీ కలిపి రాయిస్తా."

ఆలోచించాను. వాడూ ఆలోచించాడు. చెల్లెలికి ఫోన్ చేశాడు. తనకీ తెలియదంది. ఆయనకు నా అనేవాళ్లు లేరు. ఇన్ని ఇళ్ల అలకలు అడిగి తెలుసుకున్న మనిషిని, ఆ మాట తిరిగి అడిగినవాళ్లం ఒక్కరమూ లేము. వాడు ఆ పద్యాలనే అలాగే చదివాడు. అందరూ చేతులు కట్టుకుని విన్నారు. ఎవరూ నవ్వలేదు.

నా జవాబు మొన్న దొరికింది. దీపం పెట్టే వేళయినా ఆయన రాలేదేమని వీధి వైపు చూస్తున్నాను. రేపు కనపడతానన్న మనిషి కనపడకపోతే నేను అలుగుతాను. నాకే తెలియదు ఇన్నాళ్లూ.

ఆయన కుర్చీ ఇంకా వరండాలోనే ఉంది. వాకిట్లో మిరపకాయల మీద పట్టా కప్పి వచ్చేసరికి కుర్చీ మీద సన్నగా ఎర్రటి దుమ్ము పడి ఉంటుంది. కొంగుతో తుడిచి, వీధి వైపు తిప్పి వేస్తాను. తుడిచినప్పుడల్లా తుమ్ము వస్తుంది. వరండాలో ఆ చప్పుడు ఇప్పుడు నాదొక్కదానిదే.