కుదర్దు నాయుడుగారు

వరహాలనాయుడుగారి నోట్లోంచి వచ్చే మొదటి మాట ‘కుదర్దు’. ఎవరు ఏమడిగినా అంతే. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి, ఒక్క ఓటరుకి కూడా ‘సరే’ అన్న పాపాన పోలేదు. పొద్దున్నే భార్య దేవిగారు “కాఫీ తెమ్మంటారా?” అంటే “కుదర్దు” అనేవారు. ఆవిడ తెచ్చేది, ఆయన తాగేవారు. వాళ్ల కాపురం సాఫీగానే సాగింది.

కొత్తదంటే ఆయనకు మరీ కుదరదు. అసెంబ్లీలో ఏ కొత్త బిల్లు వచ్చినా ముందు లేచి, “ఇప్పుడున్నదానికి ఏటయింది అధ్యక్షా?” అని అడిగేది ఆయనే. గోపాలపట్నం కూడలిలో సిగ్నల్ దీపాలు పెడతామంటే అడ్డం పడ్డారు. “ఇన్నాళ్లూ మనుషులు ఒకలి మొకం ఒకలు సూసుకుని రోడ్డు దాటీవోరు. ఇక నుంచి దీపం మొకం సూడాలా?” అన్నారు. దీపాలు పెట్టాక మాత్రం, ఎర్రది వెలిగితే అందరికంటే ముందు ఆగేది ఆయన పాత కారే. పచ్చది వెలిగినా ఒకోసారి నమ్మకం లేక అక్కడే ఉండేది.

ఆయన ఆరోసారి పోటీకి దిగేసరికి పార్టీ పెద్దలకు బెంగ పట్టుకుంది. ఎదుట నిలబడ్డ నాగవంశీ చదువుకున్నవాడు, నవ్వుమొహం. ఎవరేం అడిగినా ‘తప్పకుండా’ అంటాడు. రోడ్డంటే తప్పకుండా, కాలవంటే తప్పకుండా. ఒక ముసలావిడ మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పుకుంటే, పాపం దానికీ తప్పకుండా అన్నాడట. వీడితో నెగ్గాలంటే నాయుడుగారి మాటతీరు మార్చాల్సిందేనని పెద్దలు చంద్రికను పంపించారు.

చంద్రిక ఉక్కునగరంలో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. హైదరాబాదులో ఎన్నికల ప్రచారాలు నడిపిన పిల్ల, గెలిపించడం తెలిసిన పిల్ల. మొదటిరోజు నాయుడుగారి వరండాలో ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది, ఆయన జనంతో ఎలా మాట్లాడతారో చూద్దామని.

వీరన్న అనే ఆయన వచ్చి దండం పెట్టాడు. “బాబూ, మా ఈదిలో బోరు పాడైపోనాది.”

“కుదర్దు.”

“నానింకా అడగనే నేదు బాబూ.”

“అడిగినా కుదర్దు. ఏ ఈది?”

“రామాలయం ఎనకాల.”

“ఆడోళ్లు నీల్లకి ఎంత దూరం ఎల్తన్నారు?”

“మెయిన్‌రోడ్డు దాక బాబూ.”

“కుదర్దని సెప్పాను కదా. ఎల్లు, ఎల్లు.”

వీరన్న మళ్లీ దండం పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. చంద్రికకు ఒళ్లు మండిపోయింది. గురువులు అనే ఆయన నాయుడుగారికి మొదటి ఎన్నికల నుంచీ కుడిభుజం. కారు నడిపేదీ ఆయనే, కబుర్లు మోసేదీ ఆయనే. చంద్రిక ఆయన్ను పక్కకు పిలిచింది.

“ఒక వీధి ఓట్లు పోయాయి కదండీ.”

“ఏటి పోయాయి? రేపో ఎల్లుండో బోరు బాగైపోద్ది.”

“కుదరదన్నారు కదా.”

“అందికే బాగైపోద్ది. బాబు ‘సూద్దాం’ అన్నాడనుకోండి, అప్పుడు బెంగెట్టుకోవాల. మునుపు ఒకాయనకి అలాగే ‘సూద్దాం’ అంటే, ఆయన ఇంటికెల్లి మంచమెక్కీసినాడు.”

వేళాకోళం ఆడుతున్నాడనుకుంది చంద్రిక.

ఆ వారంలోనే నాగవంశీ మనుషులు ఒక వీడియో వదిలారు. ఎక్కడెక్కడి సభల్లోంచో నాయుడుగారి ‘కుదర్దు’లన్నీ ఏరి, వరసగా అంటించి, వెనకాల డప్పు పెట్టారు. కుదర్దు, డండం. కుదర్దు, డండం. రెండు రోజులు తిరక్కుండానే గాజువాక నుంచి ఫిషింగ్ హార్బర్ దాకా ఆటోవాళ్ల ఫోన్లన్నీ అలాగే మోగడం మొదలుపెట్టాయి. చంద్రిక తల పట్టుకుంది. నాయుడుగారు మాత్రం ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆసాంతం విన్నారు.

“నా గొంతు ఇంత బాగుంటాదేటి?” అన్నారు.

“సార్, ఒక్క సభలో ఒక్కసారి ‘తప్పకుండా చేస్తాను’ అనండి. మిగతాది నేను చూసుకుంటాను.”

“కుదర్దు.”

అయినా చంద్రిక వదల్లేదు. పొద్దున్నా సాయంత్రం ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పించింది. ‘తప్ప’ దాకా వచ్చేది, అక్కడ దగ్గొచ్చేది. దేవిగారు మంచినీళ్లు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడేది. చివరికి ఒకరోజు ఆ మాట మొత్తం బయటికొచ్చింది. దొంగతనం ఒప్పుకుంటున్నవాడి గొంతుతో వచ్చింది, కానీ వచ్చింది.

గోపాలపట్నం మార్కెట్ దగ్గర సభ పెట్టారు. కెమెరాలు వచ్చాయి, జనం బాగా వచ్చారు. చంద్రిక అనుకున్నట్టే ముందు వరసలోంచి పోతమ్మ లేచింది. హార్బర్‌లో చేపలు దించుకుని వచ్చి, ఆ మార్కెట్ బయట రోడ్డుపక్కన అమ్ముకునే ఆడవాళ్లకు ఆవిడే పెద్ద.

“బాబూ, ఎండకి సేపలు పాడైపోతన్నాయి. వానొస్తే మేమే నానిపోతన్నాం. మాకో రేకుల సెడ్డు ఏయిస్తావేటి?”

నాయుడుగారు చంద్రిక వంక చూశారు. చంద్రిక తలూపింది. ఆయన మైకు దగ్గరికి జరిగారు.

“తప్పకుండా చేస్తాను అమ్మా.”

పోతమ్మ మొహం పాలిపోయింది. పక్కనే ఉన్న తోటి చేపలమ్మి రాధ భుజం పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయింది.

“అయిపోనాది. ఇంక మనకి సెడ్డు రాదు,” అంది.

వెనక వరసల్లో గుసగుసలు బయల్దేరాయి. బాబుకి ఒంట్లో బాగోలేదట అన్నారు ఒకరు. డాక్టర్ని పిలవండి అన్నారు ఇంకొకరు. రాధ కళ్లొత్తుకుంది. గురువులు పరుగున వచ్చి నాయుడుగారి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

నాయుడుగారికి ఏమీ అర్థం కాలేదు. జనం మొహాలు చూసి ఆయనకే భయం వేసింది. మైకు గట్టిగా పట్టుకున్నారు.

“సెడ్డూ నేదు, గిడ్డూ నేదు. కుదర్దు.”

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. పోతమ్మ లేచి రాధను వాటేసుకుంది. వేదిక దిగివస్తూ నాయుడుగారు చంద్రికతో అన్నారు. “సూసినావా అమ్మా, ఉన్నదున్నట్టు సెప్తే జనం ఒప్పుకుంటారు.”

ఎలాగో పోలింగ్ ముగిసింది. లెక్కింపుకి ఇంకా రోజులున్నాయి. ఒక సాయంత్రం చంద్రిక వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చేసరికి, ఆయన కారెక్కుతున్నారు.

“నువ్వూ రా. సిన్న పనుంది.”

కారు ఎటు వెళుతోందో ఆయన చెప్పలేదు. చంద్రిక ఇక ఉండబట్టలేక అడిగేసింది. “ఎందుకు సార్, చేసేవాటికి కూడా కుదరదంటారు?”

ఆయన ఆమె వైపు తిరిగారు. “అవునన్నాననుకో. ఆ పోతమ్మ రేపట్నుంచి రేకులెప్పుడొస్తాయా అని రోడ్డెంక సూసుకుంటా కూకుంటాది. నానేమో ఆఫీసుల సుట్టూ తిరగాల. ఎప్పటికి తేలుద్దో నాకే తెల్దు. కుదర్దంటే నన్ను నాలుగు తిట్టి, ఇంటికెల్లి అన్నం తిని పడుకుంటాది. వొచ్చిన్నాడు పండగ. రాకపోతే కొత్తగా ఏడవడానికి ఏటీ ఉండదు.”

చంద్రిక మెల్లగా అంది. “కానీ సార్, మీరు కుదరదంటే పనైపోతుందని నియోజకవర్గమంతా తెలుసు కదా.”

నాయుడుగారు ఉలిక్కిపడ్డారు. “ఎవలు సెప్పారు?”

చంద్రిక గురువులు వంక చూసింది. గురువులు రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పకుండా, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా కారు నడిపాడు.

కారు వెళ్లి ఆగింది నాగవంశీ ఇంటి ముందు. వాళ్లమ్మ వెంకటరమణమ్మ తలుపు తీసి, గుమ్మంలో ఉన్నదెవరో చూసి, లోపలికి రమ్మనడం మర్చిపోయింది. నాగవంశీ కంగారుగా బయటికొచ్చాడు.

“రండి సార్, కూర్చోండి. ఏమైనా గొడవా?”

“గొడవేటి నేదు బాబూ. అడగడానికొచ్చాను.” నాయుడుగారు సోఫా చివర ఒదిగి కూర్చున్నారు. ఐదుసార్లు గెలిచిన మనిషి అలా కూర్చోవడం చంద్రిక ఎన్నడూ చూడలేదు. “ఈసారి నువ్వు గెలుస్తావేమో. గెలిస్తే ఆ సేపలమ్మేవోళ్లకి సెడ్డు ఎయ్యి. మా మనుసులని సెప్పి ఆల్లని పక్కనెట్టీకు, నీకు ఓటెయ్యకపోయినా సరే. నానడిగినట్టు మాత్రం ఆల్లకి తెలీకూడదు.”

నాగవంశీ చేతులు జోడించాడు. “తప్పకుండా సార్,” అన్నాడు.

నాయుడుగారి మొహం వాడిపోయింది. “అలాగనీకు బాబూ. ఆ మాటంటే నాకు నిద్దర పట్టదు.”

నాగవంశీ చంద్రిక వంక చూశాడు. చంద్రిక నవ్వాపుకుంటూ పెదాలతోనే అందించింది.

“కుదర్దు సార్,” అన్నాడు నాగవంశీ.

“అద్గదీ,” అని నాయుడుగారు సోఫాలో వెనక్కి వాలి, వెంకటరమణమ్మగారు తెచ్చిన పకోడీల పళ్లెం ఒళ్లో పెట్టుకున్నారు.

నాయుడుగారే గెలిచారు, బొటాబొటీగా. ఓడిపోయిన నాగవంశీ మాత్రం ఊరుకోలేదు. నాయుడుగారు ఒక ఆఫీసులో కూర్చుంటే తను ఇంకో ఆఫీసులో కూర్చుని షెడ్డు పని తేలేదాకా ఇద్దరూ తిరిగారు. వానలు పడే వేళకు రేకులు లేచాయి.

ప్రారంభం రోజు చంద్రిక కూడా వచ్చింది. పోతమ్మ నాయుడుగారిని నిలదీసింది. “ఇది నువ్వే ఏయించినావు కదా బాబూ?”

“నాకేటి తెల్దు. అదిగో, ఆ కుర్రోడే రోజూ ఆఫీసులో కూకుని ఆల్ల పేణం తీసీసినాడు,” అని నాయుడుగారు నాగవంశీని చూపించి, చకచకా కారెక్కేశారు.

ఆడవాళ్లంతా నాగవంశీని చుట్టుముట్టారు. పోతమ్మ ఆరోజు వచ్చిన వాటిలోకెల్లా పెద్ద వంజరం చేప తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఇస్త్రీ చొక్కా తడిసిపోతుంటే, దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక చంద్రిక వంక చూశాడు. నాగవంశీ వాళ్లింట్లో చేపలు తినరు.