తుమ్మముళ్ళు గుచ్చి ఆరేసిన శాలువా

మనవరాలు తానల్లిన లేసు శాలువాను తడిపి, పరుపు మీద సాగదీసి పిన్నులు గుచ్చింది. "ఈ ఎండలకు ఎవరు కప్పుకుంటారవ్వా? ఆరాక బీరువాలో పెట్టేస్తా" అంది. నాకు ఒళ్ళు మండింది.

పందొమ్మిదివందల యాభైలలో, కమలాపురంలో, మా మేనత్తకు పిన్నులెక్కడివి? నులకమంచం మీద బొంత పరిచి, తానల్లిన ఊలు శాలువాను తడిపి బిగలాగి, అంచు పొడవునా తుమ్మముళ్ళు గుచ్చింది. అంతవరకూ నలిగిన పీలికలా ఉన్న అల్లికలో ఆకుల డిజైను విచ్చుకుంది. ఆ తడి ఊలు వాసన మీలో ఎవరికైనా గుర్తుందా?

ఆరగానే దాన్ని కప్పుకొని, మండే ఎండలో బిందెతో బావికి బయలుదేరింది. దారిలో అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నవ్వాడు.

"ఏమ్మే, చలి పెడతాండాదా?"

"చలికి కాదు చిన్నాయనా, నేనల్లినానని కప్పుకున్నా. బాగా సూడు!"

నీ శాలువా కూడా ఆరిందే పిల్లా, పిన్నులు తీయి. కప్పుకో, బజారుకు పోదాం.