తంగేడు చెక్క తెరచాప

మొన్న నంద్యాలలో ఒక కల్యాణ మండపంలో చేనేత చీరల అమ్మకం పెడితే, ఊరికే చూసి వద్దామని వెళ్లాను. అమ్మే పిల్ల ఇటుకరంగు చీర ఒకటి నా ముందు పరిచి "వాసన చూడండి మేడం, అంతా చెట్ల రంగే" అంది. చూశాను. నానిన చెక్క వాసన, కాస్త వగరు, కాస్త పులుపు. తంగేడు చెక్క! చుట్టూ ఆడవాళ్లు ఆ చీరల కోసం ఎగబడుతున్నారు. ఈ వాసనకు సిగ్గుపడి మా నాయన ఒకనాడు కన్నతల్లి ముందు మొహం తిప్పుకున్నాడు.

డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది. నాయన నంద్యాలలో బడిపంతులు. ఆయన తల్లి, మా అవ్వ, ఆళ్లగడ్డ పక్క పల్లెలో మాదిగ గేరిలోనే ఉండేది. తాత బతికున్న రోజుల్లో తోళ్లు పదును చేసి మోటబావులకు నీళ్లు తోడే తోలు బానలు కుట్టేవాడట. తోళ్లు నానేసే తొట్టిని లంద అంటారు. తంగేడు చెక్క దంచి అందులో వేసేది అవ్వే. నాయన చదువు ఆ లందలోంచే వచ్చింది. చలికాలం సెలవులకు మేము పోయేసరికి తాతా లేడు, లందా ఎండిపోయింది గానీ, ఆ వాసన మాత్రం అవ్వ ఇంటి గోడల్లో, కుండల్లో, ఆమె చీర కొంగులో ఉండేది. పొద్దున్నే ఆ కొంగు కప్పుకుని పొయ్యి దగ్గర కూచుంటే, జొన్నరొట్టె మీద చెనిక్కాయల ఊరిబిండి పెట్టి చేతికిచ్చేది. సాయంత్రం చేలోంచి తెచ్చిన పచ్చిశనగ కంప మంటలో వేసి కాలిస్తే, మూతులు నల్లగా చేసుకుని తినేవాళ్లం. ఆ వాసన మాకు కంపు అని ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

క్రిస్మస్ ముందు మా చర్చి వాళ్లు నంద్యాల వీధుల్లో ఊరేగింపు తీసేవారు. ట్రాక్టర్ ట్రాలీలో వెదురు బద్దలతో ఏసు శిష్యుడు పేతురు చేపల పడవ కట్టి, పిల్లకాయలకు దూది గడ్డాలు అంటించి కూచోబెట్టేవారు. తెరచాప స్తంభం ఊగకుండా దాని మొదట్లో బేతంచెర్ల నాపరాళ్లు పేర్చేవారు. కట్టడం పూర్తికాక ముందే మేము అందులోకి ఎక్కి, పొరక కట్టలతో తెడ్లు వేస్తూ, లేని సముద్రంలో తుపానులు లేపేవాళ్లం. చిక్కంతా తెరచాపతోనే. వీధి వీధికీ కరెంటు తీగలు వేలాడేవి కదా! సండే స్కూల్లో పంచిన బొమ్మకార్డు ఒకదాని మీద చైనా దేశపు పడవ ఉండేది. దాని చాపకు అడ్డంగా వెదురు బద్దలు కుట్టి ఉన్నాయి, తాడు వదిలితే బద్ద మీద బద్ద పడి మడత పడుతుంది. నాయన ఆ బొమ్మ చూసి అట్లాంటిదే కుట్టించాడు. తీగ వస్తే దించడం, దాటాక లాగడం. ఆ తాడు పట్టుకున్నప్పుడు ఆయన మొహం చూడాలి, పడవ మొత్తం ఆయనదే అన్నట్టుండేది.

గుడ్డ మాత్రం హోటలు వాళ్ల మైదా సంచులది. ఎంత ఉతికినా అచ్చు అక్షరాలు పోవు. పేతురు పడవ మీద మైదా పేరేంటని జనం నవ్వేవారు. ఒక ఏడు పంట కోతలప్పుడు అవ్వ ఆ మాట విని "ఈడికి తేరా, నేను రంగేస్తా" అంది.

పెద్ద మట్టికుండలో తంగేడు చెక్క మరగబెట్టి, సంచుల గుడ్డను ముంచి, తిప్పి, పిండి, ఎండలో పరిచి, మళ్లీ ముంచింది. అక్షరాలు మునిగిపోయి గుడ్డ ఇటుకరంగుకు తిరిగింది. బెల్లం నీళ్లలో తుప్పు మేకులు నానేస్తే నల్లరంగు వస్తుంది. వెదురు పుల్లకు పేలిక చుట్టి ఆ నలుపుతో చేపలు గీసింది. చేపల మధ్య జొన్న కంకులు గీసింది. సముద్రంలో జొన్నలేంది అవ్వా అని నేను నవ్వితే, "ఆ పడవోళ్లు ఏం తింటారే మరి, గాలా?" అని కసిరింది. నాయన వచ్చి చూసి "బాగుందమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు, నేను విన్నాను.

"అయితే నా చేతిపని నంద్యాల బజార్లో పైకి లేస్తాదా నాయనా?"

"లేస్తాదమ్మా. నువ్వూ వచ్చి చూడు."

ఊరేగింపు రోజు మధ్యాహ్నం చాప కట్టి తాడు లాగారు. ఎండకు వేడెక్కి గుడ్డలోంచి వాసన లేచింది. సంఘ పెద్ద ఒకాయన ముక్కు మూసుకుని వచ్చాడు. "ఏంది సారూ, లంద వాసన గుప్పుమంటాంది! దీన్ని కట్టుకోని బజార్లో పోతే ఊరోళ్లు మనల్ని ఏమనుకుంటారు? తీసెయ్." ఆయన తండ్రీ మా తాతా ఒకే లందలో తోళ్లు నానేసినవాళ్లేనని ఊరందరికీ తెలుసు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా? నాయన ఒక్క మాట తిరిగి అంటాడని చూశాను. ఆయనేమో తన చేత్తోనే తాడు వదిలాడు. చాపను మడిచి నాపరాళ్ల వెనక దోపి, ఎవరింట్లోంచో తెచ్చిన తెల్ల దుప్పటి కట్టాడు.

అవ్వ ఆళ్లగడ్డ బస్సు దిగి, ఉతికిన చీర కట్టుకుని చర్చి మలుపులో నిలబడి ఉంది. పక్కనున్న ఎవరెవరికో ముందే చెప్పుకున్నట్టుంది, వాళ్లూ మెడలు చాచి చూస్తున్నారు. ట్రాక్టర్ ఆమె ముందే ఆగింది.

"ఒరే నాయనా, నా చాప యాడ?"

"గాలికి చినిగిపోయిందమ్మా."

"గాలి యాడుందిరా?" అని దుప్పటి వంక చూసింది. అది కదలకుండా వేలాడుతోంది. ఆమె ట్రాలీ దగ్గరికి వచ్చి, రాళ్ల వైపు తల వంచింది. "ఈడనే ఉంది కదరా. వాసన వస్తానే ఉంది" అంది మెల్లగా. నాయన మొహం తిప్పుకుని, పోనియ్యమని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

మర్నాడు చాపను చంకన పెట్టుకుని అవ్వ ఊరికి పోయింది. మళ్లీ నంద్యాల రాలేదు. ఎన్నో ఎండాకాలాలు దాని మీద మిరపకాయలు ఎండబోసింది. చేపలు మాసిపోయాయి, కంకులు మాసిపోయాయి, చివరికి గుడ్డే పీలికలైపోయింది. నాయన పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. ఆయన్ని క్షమించానా అంటే, లేదు. ఆయన భయం అర్థమైంది, కానీ క్షమించలేదు.

చీర కొన్నాను. ఆదివారం కట్టుకుని చర్చికి పోతే, ఆ సంఘ పెద్ద మనవరాలే వచ్చి కొంగు పట్టుకుంది. "ఏం వాసనక్కా, బలే ఉంది! యాడ తీసుకున్యావ్?"

"ఇది లంద వాసన" అన్నాను.

"లందంటే ఏందక్కా?"

అక్కడే నిలబెట్టి చెప్పాను, వాళ్ల తాతను కూడా వదలకుండా. "అవునా అక్కా" అని, ఫోన్లో చీర ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు పడవ కట్టేవాళ్లు లేరు, వ్యానుకు ఫ్లెక్సీ కడతారు. గేరిలో లంద పూడ్చిన చోట ఇళ్లు లేచాయి. చర్చి బయట ఆ మలుపులో ఆటో కోసం నిలబడ్డాను. అవ్వ నిలబడి ఎదురుచూసింది అక్కడే. ఆమె చాప రంగు నా ఒంటి మీద ఉంది, నంద్యాల బజారంతా చూస్తోంది, చూడాల్సిన ఆమె మాత్రం లేదు.